మొదటి వంతు

ఇక్కడ జర్మనీలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల మర్నాడు, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా ఊరి హాలు తాళాలు అప్పజెప్పడానికి వెళ్లాను. హాలు బాగోగులు చూసే పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని, చెక్క నేల మీద ఒలికి ఆరిపోయిన ఉగాది పచ్చడిని చాకుతో గీరుతోంది. పక్కన మనం వదిలేసిన ఆరు చెత్త సంచులు. ప్లాస్టిక్ గ్లాసులూ అరిటాకులూ అన్నీ కలిపే. రాత్రి పది దాటాక కూడా పాటలు ఆగలేదన్న సంగతి ఆవిడ ఎత్తలేదు.

సంఘం గ్రూపులో రాస్తే వచ్చిన జవాబు: "అద్దె కట్టాం కదండీ, ఇంకో వంద యూరోలు పడేద్దాం." ఆ 'పడేద్దాం' గుచ్చుకుంది. ఆవిడ డబ్బు ముట్టలేదు. "ఈ పలకలు మా మామగారూ ఆయన తోటివాళ్లూ శనివారాలు వచ్చి పరిచినవి" అంది, అంతే.

మాది హున్స్‌ర్యుక్ కొండల్లో 400 మంది లేని ఊరు. మా రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రంలో ఇలాంటి పెద్దా చిన్నా గెమైండెలు, అంటే మన పంచాయతీల్లాంటివి, 2,300 దాకా ఉన్నాయి. మనం ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే చిరునామా నమోదుకి, వెళ్లే ఆఫీసు ఫెర్‌బాండ్స్‌గెమైండెది, అంటే కొన్ని ఊళ్ల ఉమ్మడి పాలనది. ఊరికంటూ ఉన్నది బ్యూర్గర్‌మైస్టర్, మన సర్పంచిలాగా. ఆయన పగలు తన ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు ఊరి పని చూస్తాడు. జీతం లేదు, ఖర్చులకింత ఇస్తారు. ఫొయర్‌వేర్‌లోనూ, అంటే ఊరి అగ్నిమాపక దళంలోనూ, జీతగాళ్లు లేరు. సైరన్ మోగితే వడ్రంగీ టీచరూ పనులొదిలి పరిగెత్తాల్సిందే. నవంబరు 11న సాంక్ట్ మార్టిన్ పండక్కి లాంతర్లతో మన పిల్లలు నడుస్తుంటే బళ్లు ఆపేదీ, మంట దగ్గర కాపలా ఉండేదీ వాళ్లే.

ఊరి మధ్య పాత బాకెస్ ఉంది, ఉమ్మడి రొట్టెల పొయ్యి. ఒకప్పుడు వంతులకి చీట్లు వేసుకునేవారట. మొదటి వంతు ఎవరికీ ఇష్టముండదు. చల్లారిన పొయ్యి వేడెక్కాలంటే కట్టెలు ఎక్కువ తగలెయ్యాలి మరి. మన సంఘం ఇన్నేళ్లూ వేడెక్కిన పొయ్యిలోనే రొట్టె కాల్చుకుంటోంది.

ఊరివాళ్లు దేవతలేం కారు. చప్పుడు చెయ్యకూడని మధ్యాహ్నం వేళ, ఒంటిగంటకి గడ్డి కోశానని కంచె మీదుగా నాకు పాఠం చెప్పినాయన ఉన్నాడు. ఎనిమిదేళ్లయినా నేను 'ఆ ఇండియా ఆయన'నే. 2024 జూన్ 9న ఊరి ఎన్నికల్లో పోలండు నుంచి వచ్చిన పొరుగాయన యూరోపియన్ యూనియన్ పౌరుడు కాబట్టి ఓటేశాడు; భారత పాస్‌పోర్టుతో నేను వెయ్యలేకపోయాను. ఆ చురుకు ఇంకా ఉంది. కానీ ఫొయర్‌వేర్‌లో చేరడానికి ఓటుహక్కు అడగరు.

మా గోదావరి పక్క ఊళ్లో, నిమజ్జనం మర్నాడు పందిరి గుంటలు పూడ్చాకే మా నాన్న తరం ఇళ్లకి వెళ్లేదని ఇంట్లో గొప్పగా చెప్పాను. "పూడ్చింది వాళ్లా, పాలేర్లా?" అంది మా ఆవిడ. నాకు జవాబు తట్టలేదు.

దసరాకి మళ్లీ హాలు అడగమంటున్నారు కార్యవర్గంవారు. అడుగుతాను. అంతకుముందు సెప్టెంబరులో ఒక శనివారం ఊరంతా కలిసి పిల్లల పార్కు కంచెకి రంగు వేస్తున్నారు. పదిమంది రండి. బ్రష్షులు నేను తెస్తాను, పులిహోర మీరు తెండి. కారం కాస్త తగ్గించండి, పెద్దావిడ కూడా తింటుంది.