రాబిన్స్ పేరిట రాబిన్స్‌ను కాదన్న సాయంత్రాలు

2003 మార్చి మొదటి వారంలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ వరుసగా మూడు సాయంత్రాలు ఉపన్యసించారు. ఆయన ఎంచుకున్న విషయం మనిషి సంతోషం. సంపన్న దేశాల్లో ఆదాయం పెరిగినంతగా సంతోషం పెరగలేదని, సంతోషాన్ని కొలవడం, ఒకరి సంతోషాన్ని మరొకరి సంతోషంతో పోల్చి చూడడం సాధ్యమేనని, ప్రభుత్వాలు తమ విధానాలను ఆ కొలతతోనే బేరీజు వేసుకోవాలని ఆయన వాదించారు. అయితే ఆ ఉపన్యాసాలు ఎవరి స్మారకార్థం ఏర్పాటయ్యాయో ఆ లయనెల్ రాబిన్స్, 1932లో ప్రచురించిన తన ప్రసిద్ధ గ్రంథంలో, ఒకరి తృప్తిని మరొకరి తృప్తితో పోల్చడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని చెప్పి, ఆ తరువాత రెండు మూడు తరాల ఆర్థికవేత్తలను ఆ దారిలో నడిపించిన మనిషి. అంటే రాబిన్స్ జ్ఞాపకార్థం, రాబిన్స్ దాదాపు జీవితమంతా పనిచేసిన విద్యాసంస్థలో, రాబిన్స్ సిద్ధాంతానికి మూలమైన మాటనే కాదన్నారన్నమాట.

లేయర్డ్ రాబిన్స్‌కు పరాయివాడు కాదు. బ్రిటన్‌లో ఉన్నత విద్య విస్తరణకు బాట వేసిన 1963 నాటి రాబిన్స్ నివేదిక తయారవుతున్నప్పుడు, రాబిన్స్ అధ్యక్షతన దాన్ని రూపొందించిన సంఘానికి పరిశోధన పనులు చూసినవారిలో లేయర్డ్ ఒకరు. అర్హత ఉన్న ప్రతి విద్యార్థికీ విశ్వవిద్యాలయంలో చోటు దక్కాలని, సుమారు 2,16,000 ఉన్న పూర్తికాలపు విద్యార్థుల సంఖ్య 1980 నాటికి 5,60,000కు చేరాలని ఆ నివేదిక చెప్పింది. మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లో మన పిల్లలు చదువుకుంటున్న కళాశాలల్లో చాలావాటికి ఆ నివేదికతో ఏదో ఒక చుట్టరికం ఉంది. తన చేత అంతటి పని చేయించిన పెద్దమనిషి మీద లేయర్డ్‌కు గౌరవం లేకపోలేదు. ఆ గౌరవాన్ని ఆయన వాదనతో చెల్లించారు.

ఆ ఉపన్యాసాల్లో ఆయన ప్రస్తావించిన ఒక పరిశీలన ప్రవాసంలో ఉన్న మనకు సూటిగా తగులుతుంది. ఇతరులు 25,000 డాలర్లు సంపాదించేచోట మీరు 50,000 సంపాదించడం మేలా, ఇతరులు 2,00,000 సంపాదించేచోట మీరు లక్ష సంపాదించడం మేలా అని హార్వర్డ్ విద్యార్థులను అడిగితే, వస్తువుల ధరలు రెండుచోట్లా ఒకటేనని చెప్పినా, సుమారు సగంమంది మొదటిదే కోరుకున్నారు. తక్కువ రాబడి అయినా పక్కవాడికన్నా మిన్నగా ఉంటే చాలునన్నారు. ఎవరు ఏ వీధిలో ఇల్లు కొన్నారు, ఎవరి పిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే ఏ గ్రామర్ స్కూలులో సీటు వచ్చింది అనే మాటలు మన పండుగ భోజనాల దగ్గర ఎంతసేపు సాగుతాయో తెలిసినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

ఈ ఉపన్యాస పరంపర గురించి మన తెలుగు సంఘం పత్రికలో రాయడానికి కారణం ఉంది. పోయిన పెద్దలను తలచుకోవడంలో మనం ఎవరికీ తీసిపోము. జయంతులు, వర్ధంతులు, శతజయంతులు లోటు లేకుండా జరుపుతాం. జ్యోతి వెలిగించి, పటానికి పూలమాల వేసి, వక్తకు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిస్తాం. వక్త కీర్తిశేషుల గొప్పతనాన్ని చెప్పి కూర్చుంటారు. ఇన్నేళ్లలో నేను హాజరైన ఇటువంటి సభల్లో ఒక్కదానిలోనైనా, ఎవరి పేరిట సభ జరుగుతోందో ఆయన ఫలానా విషయంలో పొరబడ్డారని వక్త చెప్పగా వినలేదు. అది అపచారమని మనం అనుకుంటాం. పొగడ్త మాత్రమే మిగిలిన మనిషి రెండో తరానికి పటంగా మారిపోతాడని, అతని ఆలోచనతో ఎవరో ఒకరు కుస్తీ పడుతున్నంత కాలమే అతను బతికి ఉంటాడని నా నమ్మకం.

రాబిన్స్ విషయంలో ఈ మాట మరింత నిజం, ఎందుకంటే తన పొరబాటును తానే ఒప్పుకున్న అరుదైన పండితుల్లో ఆయన ఒకరు. ఇప్పుడు హీత్రో విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న సిప్సన్ గ్రామంలో 1898లో కూరగాయలు పండించే రైతు కుటుంబంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చి, 1929లో, ముప్ఫై ఏళ్లకే ప్రొఫెసర్ అయ్యారు. మరుసటి ఏడు, మాంద్యం ముంచుకొస్తున్న రోజుల్లో, ప్రభుత్వానికి సలహా చెప్పడానికి జాన్ మేనార్డ్ కీన్స్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థికవేత్తల సంఘంలో సభ్యుడిగా ఉంటూ, ప్రజాపనుల మీద ఖర్చు పెంచాలన్న అభిప్రాయంతోను, దిగుమతి సుంకాలతోను విభేదించి, నివేదికపై సంతకం చేయడానికి నిరాకరించారు. 1932 అక్టోబరులో కీన్స్, పిగూ తదితర ఆర్థికవేత్తలు టైమ్స్ పత్రికలో ఖర్చు పెట్టమని లేఖ రాస్తే, రెండు రోజులకే రాబిన్స్ తన సహాధ్యాపకుడు హయెక్‌ తదితరులతో కలిసి దానికి ఎదురు లేఖ రాశారు. నిరుద్యోగుల వరుసలు వీధుల పొడవునా సాగుతున్న కాలమది. నాలుగు దశాబ్దాల తరువాత, 1971లో వెలువడిన ఆత్మకథలో, ఆనాడు కీన్స్‌తో తాను పడిన తగవు తన వృత్తి జీవితంలోకెల్లా పెద్ద తప్పు అని ఆయన రాసుకున్నారు. తాగి గడ్డకట్టే చెరువులో పడినవాణ్ణి బయటికి లాగి, వాడి అసలు జబ్బు ఒళ్లు వేడెక్కడమే గనుక దుప్పటి కప్పకూడదని అనడం వంటిది తన వైఖరి అన్నది ఆయన సొంత పోలిక. అప్పటికి ఆయన ప్రభువుల సభలో సభ్యుడు, దేశమంతా గౌరవించే పెద్ద. ఆ మాట రాయమని ఎవరూ ఒత్తిడి చేయలేదు.

ఆ పాత తగవు మళ్లీ ప్రాణం పోసుకున్నది 2009లో, ప్రపంచ ఆర్థిక సంక్షోభం నడుస్తున్న రోజుల్లో. అంతకు ముందు 2008 నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఒక కొత్త భవనం ప్రారంభానికి వచ్చిన ఎలిజబెత్ రాణి, ఇంత పెద్ద విపత్తు వస్తున్నట్టు ఎవరూ ఎందుకు గమనించలేదని అక్కడి ఆచార్యులను అడిగిన సంగతి లోకమంతటికీ తెలిసింది. ఏడు నెలలకు అదే ప్రాంగణంలో రాబిన్స్ ఉపన్యాసాలు ఇచ్చినవారు అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్. రాబిన్స్ ఒకప్పుడు వ్యతిరేకించిన కీన్స్ బాటనే నడిచే మనిషి. గడచిన 30 ఏళ్ల స్థూల ఆర్థికశాస్త్రంలో చాలాభాగం ఎంత మంచిగా చెప్పుకున్నా పనికిరానిదని, చెడ్డగా చెప్పుకుంటే హాని చేసిందని ఆయన ఆచార్యుల ఎదుటే అన్నారు. మూడో సాయంత్రపు ఉపన్యాసానికి ఆయన పెట్టిన పేరుకు, మిన్‌స్కీని మళ్లీ చదివిన రాత్రి అని అర్థం. ప్రశాంతంగా గడిచే మంచికాలమే అప్పుల మీద మోజు పెంచి చెడ్డకాలానికి విత్తనం వేస్తుందని చెప్పిన ఆర్థికవేత్త హైమన్ మిన్‌స్కీని, బతికి ఉన్నన్నాళ్లు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు అంతగా పట్టించుకోలేదు.

ఆ వేసవిలో నాకు పని లేదు. అంతకు ముందే మా కాంట్రాక్టులు రద్దు చేస్తున్నామని ఒక సంస్థ మాకు కబురు పంపింది. మా జట్టులో తొమ్మిదిమందిమి ఒకే వారం ఇళ్లకు చేరాం. వారిలో ఐదుగురు తెలుగువాళ్లు. ఆ ఉపన్యాసాల శబ్దముద్రణలను విశ్వవిద్యాలయం అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది కాబట్టి, ఇంటర్వ్యూలకు వెళ్లే రైళ్లలో వాటిని రెండుసార్లు విన్నాను. నాకు ఉద్యోగం ఎందుకు పోయిందో చెప్పగలిగినవారు అంతవరకు ఎవరూ కనబడలేదు. అర్థశాస్త్రం చదవని నావంటి వారికి కూడా అర్థమయ్యేలా, మూడు గంటలపాటు, దాచకుండా, తమ శాస్త్రం ఎక్కడ విఫలమైందో చెప్పడం మామూలు విషయం కాదు.

రాబిన్స్ విద్యార్థిగా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్నది 1920 నుంచి 1923 వరకు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే భీమ్‌రావ్ అంబేడ్కర్ కూడా అక్కడ పరిశోధన చేస్తున్నారు. ఇద్దరికీ ఎడ్విన్ కానన్ గురువు. రూపాయి సమస్యపై అంబేడ్కర్ రాసిన సిద్ధాంత గ్రంథం 1923లో అచ్చయినప్పుడు దానికి ముందుమాట రాసిన కానన్, అందులోని విమర్శల్లో చాలావాటితో తనకు ఏకీభావం లేదని మొదట్లోనే చెప్పి, ఒప్పుకోలేని చోట్ల కూడా ఆ వాదనల్లోని తాజాదనం తనను ఆలోచింపజేసిందని మెచ్చుకున్నారు. శిష్యుడి పుస్తకానికి ముందుమాట రాస్తూ ఇలా అనగలిగిన గురువుకు, ఆ మాటను తన పుస్తకంలోనే అచ్చువేయించుకున్న శిష్యుడికి కూడా నేను నమస్కరిస్తాను.

అంబేడ్కర్ ఆ సంస్కారాన్ని మన దేశానికి తెచ్చారు. 1939 జనవరి 29న పూణేలోని గోఖలే రాజకీయ ఆర్థికశాస్త్ర సంస్థలో కాలే స్మారకోపన్యాసం చేస్తూ, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రతిపాదించిన సమాఖ్యను ఆయన నిశితంగా విమర్శించారు. ఆ చట్టం ప్రకారం కేంద్ర దిగువసభలోని 375 స్థానాల్లో 125 సంస్థానాలవి, వాటిని నింపేది ప్రజలు కాదు, ప్రభువులు. హైదరాబాద్ రాజ్యంలోని తెలుగు రైతుకు ఢిల్లీలో ప్రతినిధి ఎవరో నిజామ్ నిర్ణయిస్తారన్నమాట. తరువాత 1943లో సంఘసంస్కర్త రానడే 101వ జయంతి సభలో అంబేడ్కర్ మరో మెట్టు ఎక్కి, మహాపురుషుడిని మనసారా మెచ్చుకోవడం వేరు, అతని మాటను తలవంచి పాటించడం వేరు, రెండోది మనిషి వివేకాన్ని హరిస్తుందని జయంతి వేదిక మీదే చెప్పారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన విశ్వవిద్యాలయాల్లో ధర్మనిధి ఉపన్యాసం అనే మంచి మాట, మంచి సంప్రదాయం ఉన్నాయి. విరాళంగా వచ్చిన మొత్తం వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం జరుగుతుంది. అటువంటిది మన సంఘం ఇక్కడ నెలకొల్పాలని, దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టాలని నా ప్రతిపాదన. 1900లో గుంటూరు సీమలోని నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో దాన్ని బోధించి, ఆ ఉద్యోగం వదిలి రైతు ఉద్యమంలోకి దిగిన మనిషి. చదువు కోసం ఈ దేశానికి వచ్చి, ఆ చదువును ఊరి చెరువు గట్టు మీదకు తీసుకుపోయినవాడు. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానం చేసినప్పుడు, సొంత పొలం సొంతంగా చేసుకునే రైతు దెబ్బతింటాడని ఎదిరించి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు.

రంగా గారి పేరిట జరిగే ఉపన్యాసం రంగా గారిని కాదనగలగాలి. ఆయన ఆలోచనకు కేంద్రం భూమి ఉన్న సేద్యగాడు; భూమి లేకుండా సేద్యం చేసేవాడి సంగతేమిటని అడిగే వక్తను మనం పిలవగలగాలి. అందుకు నియమాలు ముందే రాసుకోవాలి. విరాళమిచ్చినవారికి వక్త ఎంపికలో గాని, విషయంలో గాని మాట ఉండకూడదు. సన్మానం, శాలువా మరో సభకు అట్టిపెట్టుకుని, ఉపన్యాసం ఎంతసేపు సాగితే ప్రశ్నలకు కనీసం అందులో సగం సమయం ఇవ్వాలి. ఉపన్యాసం తెలుగులోనే ఉండాలి, పూర్తి పాఠం అచ్చు కావాలి, ఎందుకంటే అచ్చయిన మాటకే ఎవరైనా జవాబు రాయగలుగుతారు. కార్యవర్గంలో కొందరు దీన్ని వినడానికి ఎవరు వస్తారని అడిగారు. మొదటి ఏడు నలభై మంది వస్తే నాకు చాలు.

మొదటి ఉపన్యాసానికి కౌలు రైతును విషయంగా తీసుకోవాలని కోరుతున్నాను. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకు అందాయి. ఎన్ని ఎకరాలున్నా అందాయి, ఆ భూమిని కౌలుకు దున్నినవాడికి మాత్రం అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం పంట సాగుదారుకు హక్కు పత్రం ఇస్తానంది గాని, దానికి 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలని షరతు పెట్టింది. ఈ పత్రిక చదివే మనలో ఎంతమందికి ఊళ్లో పొలం ఉందో, అది ఎవరి చేతి కింద సాగవుతోందో మనకే తెలుసు. నాకూ నాన్నగారి తరువాత వచ్చిన రెండెకరాలు ఉన్నాయి. ఆ పొలం చేసే ఆయన హక్కు పత్రం కోసం సంతకం అడిగి రెండేళ్లయింది. వచ్చినప్పుడు చూద్దామని ఫోనులో చెప్పాను. ఆ తరువాత రెండుసార్లు ఊరికి వెళ్లివచ్చాను, ఆయన మళ్లీ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఉపన్యాసం జరిగే రోజున నేను ముందు వరుసలో కూర్చుంటాను, వక్త నన్ను ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడి జవాబు చెబుతాను.