సార్ పాస్ మంచు గారికి ఒక పాలమూరు సారు అర్జీ

మహారాజశ్రీ మే నెల మంచు గారి సముఖానికి,

అచ్చంపేట నుంచి ఫిజిక్స్ సారు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఎండ 43 దాటింది. కూలర్ కూడా వేడి గాలే కొడుతోంది. మీరు క్షేమమని మాత్రం తలచలేను. నేను వచ్చిన నాడే మీరు గంటగంటకూ కరుగుతున్నారు.

హిమాచల్‌లో, పార్వతి లోయ పైన, సుమారు 13,800 అడుగుల ఎత్తున ఉండే మీ కనుమ పేరు సార్ పాస్. అక్కడి మాటలో సార్ అంటే చెరువట. ఈ సంగతి తెలియని మా పదో తరగతి పిల్లలు "సార్ పాసైతడా, ఫెయిలైతడా" అని పందేలు కాసుకున్నారు. ఫలితం నేను ఇంకా ప్రకటించలేదు.

కొండలు నాకు కొత్త కాదు. ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం పోతాను. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ ఆ లోయలోకి రాళ్ల మీద దిగి, మళ్లీ అదే దారిన ఎక్కి వచ్చే కాళ్లు ఇవి. పైగా ఇంకో ధైర్యం. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్లే. అదే మే నెలలో ఆ పిల్ల అంత ఎత్తు ఎక్కితే, అందులో సగం కూడా లేని మీ దగ్గరికి నేను రాలేనా అనుకున్నాను. ఆ గుట్ట మీద ఆ పిల్లలు చేతులు ఎంత గీరుకుపోయి నేర్చుకున్నారో లెక్కలోకి తీసుకోలేదు. నేను భువనగిరి గుట్టను బస్సు కిటికీలోంచే చూశాను.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బామ్మర్ది కూడా ఎగదోశాడు. "బావా, ఇక్కడ ఎండకు మాడుడెందుకు, వారం రోజులు మంచుల తిరిగొద్దాం పా" అన్నాడు. మే నెల కదా, జాతరలో ఐస్ గోలా బండ్ల లాగా మీరు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తారనుకున్నాను. తీరా చూస్తే కొండంతా మీరే. మే నెలలో ఇంత మంచేమిటని పైకే అడిగాను కూడా. గ్రాము మంచు కరగాలంటే 80 కెలోరీలు కావాలని, అదే వేడితో సున్నా డిగ్రీల గ్రాము నీళ్లను 80 డిగ్రీల దాకా కాచవచ్చని పదహారేళ్లుగా బోర్డు మీద రాస్తున్నది నేనే. చలికాలమంతా మీరు కూడబెట్టుకున్న ఆస్తిని నాలుగు రోజుల ఎండ ఏం తినగలదు?

సరే, అసలు ఫిర్యాదుకొస్తాను. అది మీ టైము మీద.

కనుమకు కిందుండే నగారు అనే క్యాంపులో, మీ మీదికి ఎక్కే ముందురోజు రాత్రి మా గైడ్ ఆకాశం వైపు చూసి, చుక్కలు కనిపిస్తున్నాయని తెగ సంబరపడ్డాడు. మంచి భక్తుడనుకున్నాను. అతను హిందీలో చెప్పింది సగమే అర్థమైంది. మిగతా సగం ఇంటికొచ్చాక డాబా మీద పడుకున్నప్పుడు అర్థమైంది. మబ్బు పట్టిన రాత్రి ఇక్కడ ఉక్కపోత, చుక్కలున్న రాత్రి తెల్లారగట్ల దుప్పటి వెతుక్కుంటాం. అక్కడా అంతే. మబ్బు లేకపోతే మీ ఒంట్లో వేడి ఆకాశంలోకి పోయి, తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటారు. మబ్బు కప్పుకుంటే పొద్దున్నే మెత్తగా ఉంటారు. అలాంటి రోజు గైడ్ ముఖం చూసి ప్రయాణం మానుకోవాల్సిందే.

తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరితే, అబ్బ, ఏం రోడ్డండీ! మా మండలంలో ఏ కాంట్రాక్టరూ వేయలేడు. బూట్ల కింద కట్టుకున్న ఇనుప ముళ్లు కరకరమంటుంటే కనుమ దాకా వెళ్లిపోయాం. జారితే కింద లోయలోనే తేలతాం, అది వేరే సంగతి. పైన మా గుంపు ఫోటోల కార్యక్రమం పెట్టింది. జెండాతో ఒకటి, జెండా లేకుండా ఒకటి, గాల్లోకి ఎగురుతూ పద్నాలుగు. గైడ్ గడియారం చూపిస్తూ "చలో, చలో" అంటున్నాడు. పాపం డ్యూటీ దిగే తొందర అనుకున్నాం.

పదిన్నర దాటాక మీరు మాట మార్చారు.

మొదట మడమ దిగింది. తర్వాత పిక్క. తర్వాత తొడ దాకా. పైన జొన్నరొట్టె పొర, కింద అంబలి. పొర మీద ఒక్క క్షణం నిలబడనిచ్చి, నమ్మకం కుదిరిందని రెండో కాలు ఎత్తగానే మొదటి కాలిని మింగుతారు. ఇది మా దగ్గర దమ్ము చేసిన కరిగెట పొలం. తేడా ఒక్కటే, కరిగెటలో దిగితే నాట్లయినా పడతాయి.

ఇక ఆ బండ విషయం. ఇది మీరు చేసిన నమ్మకద్రోహం అని రాతపూర్వకంగా చెబుతున్నాను. పాలమూరోడికి బండ అంటే భరోసా. దాని నీడన సద్ది తింటాం, దాని మీద వడ్లు ఆరబోస్తాం, దాని కింద దేవుణ్ని పెడతాం. మీ మధ్యలో నల్లటి బండ ఒకటి కనిపిస్తే ప్రాణం లేచొచ్చి, గైడ్ అరుస్తున్నా వినకుండా దాని పక్కకే పోయాను. నల్ల రాయి ఎండను తాగి వేడెక్కి చుట్టూ మంచును లోపల్లోపల కరిగిస్తుందని నాకు తెలియదా? తెలుసు. దాని మీద రెండు మార్కుల ప్రశ్న కూడా ఇచ్చాను. ఆ మార్కులు నడుము దాకా దిగబడి తెచ్చుకున్నాను. ఇద్దరు లాగితే బయటికొచ్చాను. బామ్మర్ది లాగలేదు, వీడియో తీస్తున్నాడు.

అదే బామ్మర్ది, పక్క వాలు మీద చిన్న చిన్న మంచు ఉండలు లడ్డూల్లా దొర్లుతుంటే "బావా, సూడు ఎంత ముద్దుగున్నయో" అన్నాడు. గైడ్ మాత్రం నవ్వడం మానేశాడు. మాటలు బంద్ చేయించి, ఒక్కొక్కరినీ దూరం దూరంగా దాటించాడు. వాలు మీద మంచు పట్టు తప్పుతున్నప్పుడు ముందు ఇలా ఉండలే దొర్లుతాయని, ఆ తర్వాత కొండ పక్కే జారవచ్చని సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు. బామ్మర్ది ఆ వీడియో మళ్లీ చూసుకుని ముచ్చట ఆపేశాడు.

వాగుల సంగతి కూడా అడగాలి. పైన మీరు వంతెనలా పరుచుకుని ఉంటారు, కింద నీళ్ల చప్పుడు. పొద్దున ఏనుగునైనా మోసేలా కనిపించిన వంతెన మధ్యాహ్నానికి మా బ్యాగులను కూడా మోసేలా లేదు. చుట్టూ తిరిగి నీళ్లలోంచే దాటాం. పొద్దున పాదం మునిగేంత ఉండే వాగు ఎండెక్కేకొద్దీ మోకాలి దాకా పెరుగుతుందట. మా డిండి వాగుకు ఈ విద్య తెలియదు. ఎండెక్కిందంటే అది కనబడకుండా పోతుంది.

ఇంకో అవమానం. 44 డిగ్రీల ఎండలో ఇంటింటికీ తిరిగి జనాభా లెక్కలు రాసిన చర్మం ఇది. అలాంటి నాకు, ఒళ్లు వణికే చలిలో ముఖం కమిలింది! అదీ ఎక్కడ? గడ్డం కింద, ముక్కు రంధ్రాల్లో. టోపీ పైనుంచి వచ్చే ఎండను ఆపింది కానీ, మీరు కిందనుంచి తిప్పి కొట్టే ఎండను ఎవరు ఆపాలి? నల్ల కళ్లద్దాలు లేకపోతే కళ్లు కూడా పోయేవి. స్టాఫ్‌రూమ్‌లో "ఏం సార్, మంచుకు పోయినవా, ఇటుక బట్టీకి పోయినవా" అని అడుగుతున్నారు.

ఇంత చేసినా మీ మీద కేసు పెట్టడానికి వీల్లేదు. కృష్ణా నీళ్ల కోసం మేము కొట్లాడని రాష్ట్రం లేదు కానీ, మీరు కరిగి పార్వతిలో, పార్వతి బియాస్‌లో కలిసి అటే పోతారు. మీ చుక్క ఒక్కటీ మా జూరాలకు రాదు. కాబట్టి మనకు పంచాయితీ లేదు.

ఇంటికొచ్చాక మా అమ్మ అడిగింది, "ఎట్లుంటది బిడ్డా మంచు?" అని.

"పొద్దుగాల మంచిగనే ఉంటదమ్మా. పది దాటిందంటే మనిషిని మింగుతది."

అమ్మ యాభై ఏళ్లుగా ఎండాకాలంలో చీకటితో చేనుకు పోయి, పదింటికల్లా ఇల్లు చేరే మనిషి. నా కమిలిన ముక్కుకు వెన్న రాస్తూ, "మన ఎండ గూడ గంతే గదరా. గీ ముచ్చటకు గంత దూరం పోయినవా?" అంది.

ఇట్లు,
ఫలితం ప్రకటించని సారు

తా.క. బండ దగ్గర నా ఎడమ చేతి గ్లౌజు, బామ్మర్ది స్టీలు బాటిలు మీ దగ్గరే ఉండిపోయాయి. మీరు కరిగాక ఎలాగూ బయటపడతాయి. ఆ వేళకు గొర్రెలను తోలుకుని గద్దీ కాపరులు పైకి వస్తారు కదా, బాటిలు వాళ్లకు ఇచ్చేయండి. గ్లౌజు ఒక్కటే ఎవరికీ పనికిరాదు, ఉంచుకోండి.