ముందు ఆటోలకు, తర్వాతే కార్లకు

తీగా ప్లగ్గూ లేకుండా కరెంటు బండికి చార్జింగ్ ఎక్కించడమే వైర్‌లెస్ చార్జింగ్. ఆ మాట అనగానే విదేశీ కంపెనీలు ఖరీదైన కార్లను చూపిస్తున్నాయి. సెల్లార్‌లో కారు ఆపి ప్లగ్గు పెట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. మన దగ్గర దీని అవసరం ఆటోస్టాండులో ఉంది.

అక్కడ ముందున్న ఆటోకు బేరం తగిలితే వెనకవన్నీ ఒక్కో బండి మేర ముందుకు జరుగుతాయి. జరిగిన ప్రతిసారీ ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం ఏ డ్రైవరు వల్లా కాదు. నేలలో చార్జింగ్ పలకలు వరసగా ఉంటే ఆ బాధ ఉండదు. పలకలో ఒక కాయిల్ (తీగ చుట్ట), బండి అడుగున మరొకటి. కింది దాంట్లో సెకనుకు వేలసార్లు దిశ మారే కరెంటు పారితే పైదాంట్లో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. వాన నీళ్లు నిలిచినా ఆగదు.

నాగపూర్‌లోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ వీఎన్ఐటీ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ తిరువనంతపురం కేంద్రం కలిసి 1.5 కిలోవాట్ల వైర్‌లెస్ చార్జర్ తయారుచేశాయి. అంత శక్తితో ఇరవై నిమిషాలకు అర యూనిట్ ఎక్కుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ రోజుకు ఆరుసార్లు స్టాండుకొస్తే మూడు యూనిట్లు! బేరం లేక ఈగలు తోలుకునే సమయమే చార్జింగ్ సమయం అవుతుంది.

లోపాలు లేవని మేం అనడం లేదు. ఆ చార్జర్ సామర్థ్యం 89 శాతం చిల్లర. అంటే వంద యూనిట్లలో పదికి పైనే వేడిగా పోతాయి. ఆ భారం డ్రైవరు బిల్లులో పడకూడదు. ఆటో కాస్త పక్కకు నిలిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. పలక మీద గుట్కా ప్యాకెట్ రేకు పడినా కాలుతుంది, మన స్టాండుల్లో వాటికి కరువా? రేకునూ, బండి కింద దూరిన పిల్లినీ పసిగట్టి ఆగిపోయే సెన్సర్ లేనిదే అనుమతి ఇవ్వొద్దు.

నడిచే బండికే చార్జింగ్ ఎక్కించే రోడ్లూ ఉన్నాయి. దక్షిణ కొరియాలోని గుమిలో 2013లోనే బస్సుల దారిలో కాయిల్స్ పాతారు. అమెరికాలోని డెట్రాయిట్ నగరం 2023లో అలాంటి రోడ్డు పావు మైలు వేసింది. వేసిన రోడ్డును నెల తిరక్కుండా పైపుల కోసం తవ్వే మన ఊళ్లకు ఆ ముచ్చట ఇప్పట్లో వద్దు.

తెలంగాణ ఈవీలకు (కరెంటు బండ్లకు) 2026 చివరి దాకా రోడ్డు పన్ను మాఫీ చేసింది. అది కొనేరోజు ఊరట. రోజువారీ ఊరట కూడా కావాలి. ఏ కంపెనీ ఆటో అయినా ఏ పలక మీదైనా చార్జ్ అయ్యేలా వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ బీఐఎస్ పట్టుబట్టాలి. సికింద్రాబాద్ స్టేషన్ బయట పది పలకలు వేసి, ఒక వానాకాలం నడిపి, వచ్చిన లెక్కలు జనం ముందు పెట్టాలి.