యాభై ఎత్తుల్లో తేలకపోతే

మా చదరంగం పెట్టెలో ఒకప్పుడు ముప్ఫై రెండు పావులుండేవి. మనవలు పెరిగేకొద్దీ అవి తరిగాయి. ఇప్పుడు మిగిలినవి రెండు రాజులు, ఒక శకటు, చెవి విరిగిన గుర్రం. కొత్త సెట్టు కొనమని ఇంట్లో గోల. నేను కొనను. ఇన్ని తక్కువ పావులతో ఆడేవాడినే పండితుడంటారు మరి!

ఒంటరి రాజును శకటు, గుర్రం సాయంతో కట్టెయ్యడం వినడానికి తేలిక. ఒక్క తప్పు చెయ్యకుండా ఆడినా ఒక్కోసారి 33 ఎత్తులు పడుతుంది. అదీ ఏ మూలకు పడితే ఆ మూలకు తోలితే కుదరదు. శకటు నడిచే రంగు గడి ఉన్న మూలకే తోలాలి. 50 ఎత్తుల్లో తేలకపోతే డ్రా. 2013లో జెనీవాలో అప్పటి మహిళా ప్రపంచ ఛాంపియన్ అన్నా ఉషెనినా, ఓల్గా గిర్యా మీద ఇదే ఆటను ముగించలేక డ్రాతో లేచింది. ఆ సంగతి తెలిసిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆంధ్ర సరిహద్దు దగ్గర, ఒడిశాలోని సిమిలిగుడలో మా అరుగు మీద ఒంటరి రాజు పాత్ర బావగారిది. ఎంత తరిమినా రంగు కలవని మూలకే పోయి, అత్తారింటికొచ్చిన అల్లుడిలా బైఠాయిస్తాడు. "ఏటి బావా, ఇంకా అవనేదా?" అని టీ తాగుతాడు.

రంగు కలవని మూల సంగతి నాకు కొత్త కాదు. ఓ కాగితం కోసం ఈ పక్క ఆఫీసుకెళ్తే, తెలుగులో ఉంది, ఆ పక్క చూసుకోండి అన్నారు. ఆ పక్కకెళ్తే, అడ్రసు ఒడిశాది కదా అన్నారు. నయం, నాది ఒక్క కాగితమే. మా పొట్టంగి వైపు కొటియాలో 21 ఊళ్లు ఆంధ్రవా, ఒడిశావా అన్న తగువు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. వాయిదాను ఒక ఎత్తుగా లెక్కేసినా యాభై ఎప్పుడో దాటి ఉండాలి. చదరంగంలోనైతే ఇద్దరూ చేతులు కలిపి ఇళ్లకు పోయేవాళ్లు. ఇక్కడ మాత్రం ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ భద్రంగా ఉంటాయి. రెండు వైపులా బియ్యం దొరికే డ్రా ఇంకెక్కడా లేదు, దాన్ని చెడగొట్టమని నేను అనను.

మాస్కో విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో కంప్యూటర్‌తో ఏడు పావులే మిగిలిన ఆటలన్నీ విప్పేశారు. యాభై ఎత్తుల నియమం పక్కన పెడితే, ఒకదాంట్లో గెలవడానికి 500కు పైగా ఎత్తులు పడతాయట. ఆ ఎత్తులు ఎందుకో గ్రాండ్‌మాస్టర్లకే అంతుపట్టవు. మన సరిహద్దు ఫైళ్లు చదివినవాళ్లనైతే అంత ఆశ్చర్యపరచవు.

నిన్న సాయంత్రం బావ రాజును సరైన మూలకు తెచ్చేశాను. ఒక్క ఎత్తు చాలు. లెక్కకు పెట్టిన చింతపిక్కల్లో ఒకటి అరుగు కిందికి దొర్లింది. అయినవి నలభై తొమ్మిదని నేను, యాభయ్యని బావ. ఇద్దరం పక్కింటి మాస్టారి దగ్గరికెళ్లాం. ఆయన రెండు పక్షాలూ శ్రద్ధగా విని, వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.