పత్తి కట్టె బోర్డు: పచ్చదనం సంగతి తర్వాత, ముందు జిగురేందో అడగండి

జనవరి దాటిందంటే చాలు, నల్లగొండ, నాగర్‌కర్నూల్, గద్వాల చెలకల్లో పొద్దుమీకి పొగ లేస్తది. ఆఖరు పత్తి ఏరినంక కట్టె పీకి, ఒడ్డుకు కుప్పేసి అంటుబెడ్తరు. ఎకరానికి ఎండు కట్టె సుమారు ఒక టన్ను. కట్టెను తురిమి, జిగురు కలిపి, వేడి ప్రెస్ కింద నొక్కితే అయ్యేదే పార్టికల్ బోర్డు. 18 మిల్లీమీటర్ల మందం, 8 అడుగులు 4 అడుగుల బోర్డు ఒక్కటి దాదాపు 37 కిలోలు తూగుతది. మట్టి, బెండు, దుమ్ము పోను ఎకరం కట్టెలో 20 బోర్డుల సరుకు ఉన్నట్టే. పత్తి కట్టె పోగు గట్టి చెక్క పోగుకు దగ్గరగా ఉంటది. దాంతో మంచి బోర్డు వస్తదని ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్కాట్, ఎన్నడో చేసి చూపించింది. అయినా ఇంకా కాలుస్తనే ఉన్నం. ఇది నాకు మింగుడుపడని సంగతి.

అంతకంటే బాధ కలిగించేది ఇంకోటుంది. "మొక్కల నారతో చేసింది, పూర్తిగా సహజం" అని బోర్డు మీద ఆకు బొమ్మ అచ్చేసి అమ్ముడు. కట్టె సహజమే. మరి దాన్ని పట్టుకునే జిగురు? మామూలు బోర్డులో తురుము బరువుకు 8 నుంచి 10 శాతం యూరియా ఫార్మాల్డిహైడ్ అనే జిగురు ఉంటది. అంటే ఒక్క బోర్డులో మూడు కిలోల దాకా. బోర్డు ఇంటికొచ్చినంక కూడా అందులోంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి బయటికొస్తనే ఉంటది. కొత్త కబోర్డు తెరిస్తే కండ్లు మండేది అందుకే. దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కాబట్టి దుకాణంలో అడగాల్సిన మొదటి మాట "దేంతో చేసిండ్రు" అని కాదు, "జిగురేంది, ఈ1 గ్రేడా కాదా" అని. ఈ1 అంటే 100 గ్రాముల బోర్డులో ఫార్మాల్డిహైడ్ 8 మిల్లీగ్రాములకు మించకూడదన్న హద్దు. ఆ కాగితం చూపించలేకపోతే ఆకు బొమ్మను నమ్మకండి.

"మన జిల్లాకొక ఫ్యాక్టరీ పెడితే అయిపాయె" అనే మాట తరచుగా వినబడ్తది. ప్రెస్ కొనుడు తేలిక. కష్టమంతా దానికి ముందే ఉన్నది. రోజుకు 10 టన్నులు నడిపే చిన్న యూనిట్‌కు ఏడాదికి 3,000 టన్నులు కావాలె. అది 3,000 ఎకరాల కట్టె. పైగా అదంతా మూడు, మూడున్నర నెలల్లనే పోగుచేయాలె, ఏడాది పొడుగునా వాడాలె. కట్టెను కట్టెగా ట్రాలీలో వేస్తే బండి నిండినట్టే కనబడ్తది గాని బరువుండదు. డీజిల్ ఖర్చే మింగేస్తది. అందుకే చేను దగ్గర్నే తురిమే యంత్రం నడవాలె. అట్ల తురిమితే ఇంకో మేలు కూడా ఉంది: ఎండిన కాయల్లో దాక్కున్న గులాబీ రంగు పురుగు వచ్చే పంట దాకా బతకదు. కట్టెను ఇంటి పక్కన మోపులు కట్టి పెడితే ఆ పురుగును మనమే సాకినట్టు.

తురుమును మట్టి కల్లంలో ఆరబోయొద్దు. ఇసుక రేణువులు కత్తులను, రంపం పళ్లను తినేస్తయి. సిమెంటు కల్లమో టార్పాలినో కావాలె. పచ్చిగా కుప్పేస్తే లోపల వేడెక్కి బూజు పడ్తది. నేలకు ఆనితే చెదలు. పాలమూరు ఎండ మార్చి నుంచి మే దాకా ఉచితంగా ఆరబెట్టి పెడ్తది, కాని జూన్ వానకు ముందు సరుకంతా కప్పు కిందికి చేరాలె.

ఇగ తేమ. బోర్డు చెడేది ఎక్కువగా ఇక్కడనే. ఎండకు ఆరింది చాలదు, డ్రయ్యర్‌లో తేమ 3 నుంచి 5 శాతానికి దించాలె. జిగురు చల్లినంక అది 10, 12కు ఎక్కుతది. అంతకు మించితే 160 డిగ్రీల ప్రెస్ కింద పుట్టిన ఆవిరి బయటికి పోయే తోవ దొరకదు. ప్రెస్ తెరవంగనే బోర్డు మధ్యలో ఉబ్బి పొరలుగా చీలుతది. పై పొరలు కొంచెం తడిగా, నడుమ పొర పొడిగా ఉంటే వేడి లోపలికి తొందరగా దిగుతది. మిల్లీమీటరు మందానికి 10 నుంచి 15 సెకన్లు నొక్కాలె. తొందరపడి ముందే తెరిస్తే నడుమ జిగురు పచ్చిగానే మిగుల్తది. బెరడు నారలు ఉండలు కట్టి చల్లే యంత్రాన్ని ఆపేస్తయి, బెండు జిగురంతా పీల్చుకుంటది. ఈ రెంటినీ జల్లెడలో తీసేయకుండా "జిగురు చాలలేదు" అని ఇంకింత పోస్తే ఖర్చూ, వాసనా రెండూ పెరుగుతయి.

వరిగడ్డి కథ వేరే. మిర్యాలగూడ దిక్కు గడ్డికి కొదవ లేదు గాని, గడ్డి మీద మైనం పొర, సిలికా అనే ఇసుకలాంటి పదార్థం ఉంటయి. యూరియా జిగురు దానికి సరిగ పట్టదు. ఐసోసైనేట్ అనే ఇంకో రకం జిగురు 3, 4 శాతం చాలు, జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వచ్చే బెడదా ఉండదు. కాని అది ప్రెస్ పలకలకు కూడా అంతే గట్టిగ అంటుకుంటది, ధరా ఎక్కువే. పైగా పశువుల నోటికాడి గడ్డిని బోర్డుకు మళ్లించుడు నాకు సమ్మతం కాదు. కాల్చే కట్టె ఉండంగ తినే గడ్డి ఎందుకు?

బోర్డు కొనుక్కున్నోళ్లు కూడా దాన్ని దాని తావులో వాడాలె. బాత్రూం తలుపుకు, సింకు కిందికి పనికిరాదు. నీళ్లు తాగితే అంచు ఉబ్బుతది, ఆరినా మళ్లీ దిగదు. కబోర్డును నేలకు ఆనించకుండా కాళ్ల మీద నిలబెట్టండి. అడుగు అంచుతో సహా నాలుగు దిక్కులా పట్టీ అంటించమని వడ్లాయనకు చెప్పండి, కనబడని అంచునే వదిలేస్తరు. మొల కొట్టొద్దు. ముందు సన్న బెజ్జం వేసి స్క్రూ బిగించాలె, ఒకసారి తిరిగిపోయిన బెజ్జంలో అదే స్క్రూ మళ్లీ పట్టదు. 18 మిల్లీమీటర్ల షెల్ఫుకు రెండడుగులకు ఒక ఆధారం లేకపోతే పుస్తకాల బరువుకు ఏడాదిలోపే నడుము వంగుతది.