సవరణ: ఆ కుర్చీ హెపుల్‌వైట్ చేసింది కాదు

వీపు ఆనించే భాగం డాలు ఆకారంలో ఉన్న పాత కుర్చీ ఫొటో పెట్టి, దాన్ని 1788లో లండన్‌లో జార్జ్ హెపుల్‌వైట్ అనే ఇంగ్లిష్ వడ్రంగి చేశాడని మొన్న రాశాను. తప్పు. ఆయన 1786లోనే చనిపోయాడు. 1788 అనేది ఆయన భార్య ఆలిస్ నమూనాల పుస్తకాన్ని అచ్చు వేయించిన ఏడాది. పుస్తకం తేదీని తెచ్చి కుర్చీకి అంటగట్టాను! అసలు ఆయన చేతి పనేనని రుజువైన సామాను ఒక్కటీ లేదు. అమ్మేవాళ్లు ‘హెపుల్‌వైట్’ అంటే శైలి పేరు చెబుతున్నట్టే. ఆ నమూనాలను తర్వాత ఎందరో వడ్రంగులు మళ్లీ మళ్లీ చేశారు, పందొమ్మిదో శతాబ్దం చివర్లో మరీను.

కాళ్ల గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను: కిందికి పోనుపోను సన్నబడే నిటారు కాళ్లు నియోక్లాసికల్ (పాత గ్రీకు, రోమన్ కళను అనుసరించే) పద్ధతివే. ఫొటో కింద తేదీ తీసేశాను.