బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

ఒంగోలు జిల్లా కోర్టులో బెయిల్ మంజూరైందంటే మనిషి ఆ రాత్రికే ఇంటికొస్తాడని బంధువులు అనుకుంటారు. ఉత్తర్వు చివరి పేరా చదివితే అసలు సంగతి తెలుస్తుంది: రూ.10,000కు సొంత పూచీకత్తు (బాండు), అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, అదీ సంబంధిత మేజిస్ట్రేట్ సంతృప్తి మేరకు. కేసు గిద్దలూరు స్టేషన్‌దైతే ఉత్తర్వు నకలు పట్టుకుని గిద్దలూరు కోర్టుకు పోవాలి. అక్కడ ఇద్దరు మనుషులు కాగితాలతో నిలబడాలి. మేజిస్ట్రేట్ ఒప్పుకున్నాకే రిలీజ్ ఆర్డర్ వస్తుంది. అది సాయంత్రం లాకప్ వేళలోపు జైలుకు చేరాలి. మధ్యలో రెండో శనివారం పడిందా, ఇక సోమవారం దాకా ఆగాల్సిందే.

బెయిల్ ఇవ్వాలా వద్దా అన్నదాని మీద మనం చాలా మాట్లాడుకుంటాం. ఇచ్చిన బెయిల్ అమలయ్యే ఈ చివరి మెట్టును ఎవరూ పట్టించుకోరు. జామీను అడిగేది మనిషి వాయిదాకు వస్తాడన్న భరోసా కోసం. మన కోర్టుల్లో అది ఆస్తి కాగితాల పరీక్షగా మారిపోయింది. ఆస్తి లేనివాడు బెయిల్ వచ్చాక కూడా లోపలే ఉంటున్నాడు.

జామీనుదారు దగ్గర సాధారణంగా అడిగేవి ఇవి: ఆధార్, ఫొటోలు, తన పేరున చెల్లించిన తాజా ఇంటి పన్ను రసీదు, పంచాయతీ కార్యదర్శి గానీ మున్సిపాలిటీ గానీ ఇచ్చిన ఇంటి విలువ ధ్రువపత్రం. భూమి చూపిస్తే పట్టాదారు పాసుపుస్తకం, 1బీ (రెవెన్యూ రికార్డులో ఆ భూమి వివరాల పత్రం). ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. వీటితో పాటు ఒక అఫిడవిట్. అంతకు ముందు ఇంకెంతమందికి జామీను ఉన్నాడో అందులో చెప్పి తీరాలి.

బెడిసికొట్టేది చిన్నచిన్న విషయాల్లోనే. ఇంటి పన్ను చనిపోయిన తండ్రి పేరునే వస్తుంటుంది. ఆధార్‌లో వెంకటరమణయ్య, రసీదులో వెంకటరమణ. ఆడమనిషి జామీనుకొస్తే ఒక కాగితంలో తండ్రి పేరు, ఇంకోదాంట్లో భర్త పేరు. డీకే పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, అమ్మకం మీద ఆంక్షలున్నది కాబట్టి చాలాచోట్ల దాన్ని పక్కన పెట్టేస్తారు. 2022లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. అలాంటిచోట పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో ఇంకో జిల్లా ఉంటే అదీ ఒక ప్రశ్నే అవుతుంది. అందుకే ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, బెయిల్ పిటిషన్ వేసిన రోజే కాగితాలు సరిచూసుకోవాలి. ఇద్దరు కావాలంటే ముగ్గుర్ని సిద్ధం చేసుకోవడం మంచిది.

ఇవేవీ లేనివాళ్ల మాటేమిటి? నెల్లూరు జిల్లాలో చెరువు గట్ల మీద, కాలువ పోరంబోకుల్లో గుడిసెలు వేసుకుని బతికే యానాదులకు ఇంటి పన్ను రసీదు ఎక్కడి నుంచి వస్తుంది? చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికొచ్చిన ఒడిశా కూలీకి ఇక్కడ జామీను పడేదెవరు? రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికే తమిళ కూలీలదీ ఇదే అవస్థ. వాళ్లను అడవికి పంపిన మేస్త్రీ మళ్లీ కనపడడు.

అద్దె జామీనులు పుట్టుకొచ్చేది ఇక్కడే. అమెరికాలో లాగా సుమారు పది శాతం రుసుము తీసుకుని బాండు రాసిచ్చే కంపెనీలు మనకు లేవు. నష్టపోతే నీ డబ్బు నేనిస్తానని నిందితుడు జామీనుదారుతో ఒప్పందం చేసుకున్నా మన చట్టం ముందు చెల్లదు. అయినా కోర్టు చుట్టుపక్కల డబ్బుకు జామీను ఉండేవాళ్లు తయారవుతారు, దొంగ రసీదులు తయారవుతాయి. పట్టుబడితే ఫోర్జరీ కేసు. దాంతో కోర్టు సోదా ఇంకా గట్టిపడుతుంది. ఆ భారం మళ్లీ నిజాయితీగా వచ్చిన బంధువు మీదే పడుతుంది.

జామీను పడేవాళ్లూ తెలిసి సంతకం పెట్టాలి. నిందితుడు వాయిదాలకు రాకపోతే బాండు జప్తవుతుంది, జామీనుదారుకు నోటీసు వస్తుంది. సరైన కారణం చూపకపోతే ఆ మొత్తాన్ని జరిమానా లాగా వసూలు చేస్తారు. అదీ రాబట్టలేకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు. మనిషి మీద నమ్మకం పోయినప్పుడు ముందే కోర్టుకెళ్లి, నన్ను తప్పించండని దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 489వ సెక్షన్ అదే. ఊళ్లో మొహమాటానికి సంతకం పెట్టేవాళ్లలో దీని సంగతి తెలిసినవాళ్లు అరుదు.

చట్టంలో దారి లేక కాదు. బాండుకు బదులు నగదు కట్టనివ్వమని 490వ సెక్షన్ కింద అడగొచ్చు. రసీదు భద్రంగా దాచుకుంటే కేసు ముగిశాక దరఖాస్తు పెట్టి ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. వేరే జిల్లా మనిషన్న కారణంతో జామీనుదారును తిప్పి పంపడం తప్పని సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే మోతీరామ్ కేసులో చెప్పారు. అది ఒక తాపీ మేస్త్రీ కేసు. రూ.10,000 జామీను అడిగితే ఇవ్వలేకపోయాడు, సుప్రీంకోర్టు రూ.1,000 సొంత బాండు మీద వదలమంది. ఒకడి మీద చాలా కేసులుంటే ఒకే జామీనుదారులను అన్నిటికీ ఒప్పుకోవచ్చని 2024లో గిరీష్ గాంధీ కేసులో తేల్చింది.

అన్నిటికంటే పనికొచ్చేవి 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు. బెయిల్ ఉత్తర్వు నకలును కోర్టు అదే రోజు, లేదా మర్నాడు జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంట్ పేదలకు ఉచిత న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెల గడిచినా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతిని కోర్టు తనంతట తానే చూడొచ్చు. స్థానిక జామీనే కావాలనడం ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకపోవచ్చని కూడా చెప్పింది. పేద ఖైదీల బెయిల్ డబ్బు ప్రభుత్వమే కట్టే పథకాన్ని కేంద్రం 2023లోనే తెచ్చింది. మొదట్లో మనిషికి రూ.40,000 దాకా పరిమితి పెట్టారు. మత్తుపదార్థాల కేసుల వంటి కొన్నిటికి అది వర్తించదు.

ఇవన్నీ అడిగినవాడికే అందుతున్నాయి, అడగాలని తెలిసేది లాయరున్నవాడికి. కాబట్టి ఏడో రోజు లెక్కను జైలుకు వదిలేయకూడదు. బెయిల్ వచ్చి వారమైనా మనిషి బయటకు రాకపోతే ఇంట్లోవాళ్లే నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ఒక కాగితం రాసిచ్చి, దాని మీద ముద్ర వేయించుకోవాలి. న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా సరే. మేజిస్ట్రేట్లు కూడా మొదటి ఉత్తర్వులోనే 'ఇద్దరు జామీనుదారులు లేదా నగదు' అని రాస్తే, షరతు మార్చమంటూ వేసే రెండో పిటిషన్, దాని వాయిదా రెండూ తప్పుతాయి. కూలి మనిషికి అది ఒక వారం.

రిలీజ్ ఆర్డర్ చేతికందాక కోర్టు మెట్లు దిగకముందే క్రైమ్ నంబరు, సెక్షన్లు, తండ్రి పేరు సరిచూడండి. అక్షరం తేడా ఉన్నా జైల్లో తిప్పి పంపుతారు. ఉత్తర్వులో ఒక ఉపసెక్షన్ రాయలేదని ఘాజియాబాద్ జైలు ఒక ఖైదీని 28 రోజులు వదల్లేదు. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు అతనికి రూ.5 లక్షలు చెల్లించమని యూపీ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇంకో కేసులో పీటీ వారంట్ (జైల్లో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) పెండింగ్‌లో ఉందేమో కూడా ముందే జైల్లో కనుక్కోవాలి. ఉంటే ఈ రిలీజ్ ఆర్డర్ ఒక్కటీ చాలదు, ఆ కేసులోనూ బెయిల్ తెచ్చుకోవాలి. నెల్లూరు దగ్గరి చెముడుగుంట సెంట్రల్ జైలు గేటు దాకా వెళ్లాక ఆ మాట వింటే చేయగలిగిందేమీ ఉండదు.